జంటగా రెండు రోజులు హైదరాబాద్: పాతబస్తీ రోజు పాడవకుండా చూడటం ఎలా?

మా ఇల్లు మలక్‌పేటలో. బెజవాడ నుంచో ఖమ్మం నుంచో వచ్చిన కొత్త జంటలు రెండో రోజు సాయంత్రం మా సోఫాలో కూలబడి కాళ్లు పిసుక్కోవడం ఏళ్లుగా చూస్తున్నాను. ఏం చూశారని అడిగితే ఫోన్‌లో పద్దెనిమిది చోట్ల లిస్టు చూపిస్తారు. పొద్దున గోల్కొండ, మధ్యాహ్నం జూ, సాయంత్రం చార్మినార్. నిజానికి వాళ్లు తీరిగ్గా చూసింది ముందు వెళ్లే ఆటోల వెనకాల రాతలే.

ఆ లిస్టు తీసేయండి. ఒకరోజు పాతబస్తీ, ఒకరోజు గోల్కొండ, ఆ సాయంత్రం హుస్సేన్‌సాగర్. రెండు రోజులకు అంతే. రామోజీ ఫిల్మ్ సిటీకి వెళ్లాలంటే ఒక రోజు మొత్తం పోతుంది, దానికి ఇంకోసారి రండి.

సామాను, బస

నడవడానికి అలవాటైన చెప్పులు (పెళ్లికి కొన్న కొత్తవి వద్దు), నీళ్ల సీసా, గొడుగు, చిల్లర. మే నెల తప్ప ఎప్పుడైనా రావచ్చు.

బస లక్డీకాపూల్, నాంపల్లి చుట్టుపక్కల తీసుకోండి. 2017లో మెట్రో వచ్చాక ఈ ఊళ్లో తిరగడం తేలికైంది, ఆ రెండు చోట్లా స్టేషన్లున్నాయి. చుట్టాలింట్లో మాత్రం దిగకండి. "హైదరాబాద్ వచ్చి హోటల్లో దిగుతారా, మేం లేమా?" అని కూకట్‌పల్లి పిన్నిగారు నిష్ఠూరమాడతారు. ఆడనివ్వండి. అక్కడ దిగితే పొద్దున ఉప్మా తినకుండా గడప దాటలేరు, దాటేసరికి పదకొండు. తిరిగి వెళ్లేటప్పుడు ఓ గంట కూర్చుని, బొట్టు పెట్టించుకుని రండి.

పాతబస్తీ రోజు

అందరూ బోల్తా పడేది ఇక్కడే. జాగ్రత్తగా చదవండి.

మొట్టమొదట వారం చూసుకోండి. శుక్రవారం వద్దే వద్దు. సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ రెండింటికీ ఆ రోజు సెలవు. పైగా మక్కా మసీదులో జుమ్మా నమాజు ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం ఆ చుట్టుపక్కలంతా రద్దీ. ఇది ఎవరో చెబితే తెలిసింది కాదు. మా పెళ్లయిన కొత్తలో మా ఆవిణ్ని నల్గొండ నుంచి తీసుకొచ్చి, ఆ మ్యూజియం గేటుకు వేసిన తాళం చూపించాను. అక్కణ్నుంచి నడిపించుకెళ్లి ప్యాలెస్ గేటు తాళం కూడా చూపించాను. ఇప్పటికీ ఏ ప్రయాణం మాట వచ్చినా "ముందు ఆ రోజేంటో చూడండి" అంటుంది. ఆదివారం అన్నీ తెరిచే ఉంటాయి గానీ ఊరంతా అక్కడే ఉంటుంది. శనివారం పెట్టుకోండి.

ఇక వరస. పొద్దున్నే చార్మినార్‌కు పరుగెత్తుతారు చూడండి, అదే తప్పు. ఆ వేళకు పక్కనున్న గాజుల లాడ్ బజార్‌లో సగం షట్టర్లు దించే ఉంటాయి. మెట్రోలో ఎంజీబీఎస్‌లో (పెద్ద బస్టాండు స్టేషన్) దిగి, ఆటోలో సాలార్‌జంగ్‌కు పదింటికి చేరండి. మొత్తం చూద్దామనుకోకండి, ముప్ఫై ఎనిమిది గ్యాలరీలు. మేలిముసుగు రెబెకా ముందు నిలబడండి. 1876 నాటి పాలరాతి బొమ్మ, ముఖం మీది ముసుగూ రాయే, దాని వెనక కళ్లు కనబడతాయి. తర్వాత ముందొక మనిషి, వెనకొక మనిషిగా చెక్కిన చెక్కబొమ్మ. వెనకవైపు అద్దంలో కనబడుతుంది. పావు తక్కువ పన్నెండుకల్లా గడియారం దగ్గర కుర్చీ పట్టాలి. గంట కొట్టే వేళకు లోపల్నుంచి చిన్న బొమ్మ బయటికొచ్చి ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొట్టి వెళ్తుంది. పన్నెండుకే ఎందుకంటే, ఒంటిగంటకు వెళితే ఒక్క దెబ్బే.

బిర్యానీ మధ్యాహ్నమే తినాలి, రాత్రి కాదు. తిన్నాక నాలుగు అడుగులు వేయాలి కదా. ఇద్దరికీ ఒక్కటే చెప్పండి, చాలకపోతే అప్పుడు చూసుకోవచ్చు.

అక్కణ్నుంచి చౌమహల్లా. దర్బారు హాలు షాండ్లియర్లు, 1912 నాటి పసుపు రోల్స్‌రాయిస్ చూసి, నాలుగింటికి బయటపడి చార్మినార్‌కు నడవండి, పది నిమిషాలు. నాలుగున్నరకల్లా టికెట్ చేతిలో ఉండాలి, సాయంత్రం కౌంటర్ మూసేస్తారు. మొదటి అంతస్తు దాకానే పంపుతారు. మెట్లు ఇరుకు, ఎత్తు, మెలికలు. చీర కట్టుకుంటే కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని ఎక్కాలి, అందుకే ఆ రోజుకు చుడీదార్ మేలంటాను. 1591లో కులీ కుతుబ్‌షా కట్టించిన ఆ కమానుల్లోంచి కిందికి చూస్తే నాలుగు దారులూ నాలుగు వైపులకు సాగిపోతుంటాయి. దిగాక ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్. ఇద్దరికీ వన్ బై టూ చాలు, కూర్చునే తాగాలి. బయటికొచ్చేసరికి దీపాలు వెలుగుతాయి, గాజుల కొట్లు జిగేల్‌మంటాయి. పొద్దున వెళ్లినవాళ్లకు ఇది దక్కదు.

లక్క గాజులు కొనేటప్పుడు కొలత చెప్పి ఊరుకోకండి, తొడిగి చూసుకోవాలి. కొన్ని కొట్లలో నిప్పుల మీద లక్క మెత్తబరచి, చుట్టి, ఒక్కో రాయీ అద్ది మీ ముందే చేసిస్తారు. బేరం ఆవిడ ఆడాలి. "పోన్లే, ఇచ్చేద్దాం" అని మధ్యలో మొగుడు నోరు తెరిచాడా, ధర అక్కడే ఆగిపోతుంది.

గోల్కొండ

పొద్దున తొమ్మిదికి గేటు దగ్గరుండాలి, ఎండెక్కితే మెట్లు ఎక్కలేరు. ద్వారం దగ్గర గుమ్మటం కింద చప్పట్లు కొడితే కొండ మీది బాలా హిస్సార్ దాకా వినబడుతుంది. అయితే వచ్చినవాళ్లంతా కొడుతుంటారు, మీది ఏదో తెలియదు. ఒకరు పైకెళ్లి ఫోన్ చేయండి. కిందివాళ్లు ఆగి ఆగి మూడు కొట్టండి. దిగేటప్పుడు రామదాసు బందిఖానా చూడండి. ఆషాఢం ఆదివారాల్లో బోనాల జనం ఉంటారు, దారి దొరకదు. ఆ నెల కొత్త పెళ్లికూతురు ఎలాగూ పుట్టింట్లోనే ఉంటుంది కాబట్టి మీకు ఆ ఇబ్బంది రాదు.

సాయంత్రం

బిర్లా మందిర్‌లో ఫోన్లు బయటే ఇచ్చేయాలి. తర్వాత లుంబినీ పార్కు నుంచి పడవలో హుస్సేన్‌సాగర్ మధ్యలోని బుద్ధుడి దగ్గరికి. 1990లో ఈ విగ్రహాన్ని తరలిస్తుంటే జారి సాగర్‌లో మునిగిపోయింది. పైకి తీసి 1992 డిసెంబరులో నిలబెట్టారు. పొద్దుగూకే వేళకు పడవ ఎక్కండి.

రాత్రి బండికి సికింద్రాబాద్ వెళ్లాలంటే రెండు గంటల ముందే బయల్దేరండి. లక్క గాజుల డబ్బా చేతిసంచిలోనే ఉంచండి. ఎండలో నిలిపిన కారులో వదిలేస్తే మెత్తబడి వంకరపోతాయి. మా ఆవిడవి రెండు డజన్లు అలాగే పోయాయి.