ప్లేట్‌లెట్ పరీక్షలు నేర్చుకుందాం - 3వ పాఠం: అగ్రిగోమీటర్ గీత చదవడం

ప్లేట్‌లెట్లంటే రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే చిన్న కణాలు. పోయిన పాఠంలో, గడ్డకట్టకుండా ఆపే సిట్రేట్ ఉన్న నీలి మూత ట్యూబులో రక్తం తీసి, సెంట్రిఫ్యూజ్‌ను నెమ్మదిగా తిప్పి పీఆర్‌పీ (ప్లేట్‌లెట్లు ఎక్కువున్న ప్లాస్మా), వేగంగా తిప్పి పీపీపీ (ప్లేట్‌లెట్లు దాదాపు లేని ప్లాస్మా) తయారుచేసుకున్నాం. మొదటిది ప్లేట్‌లెట్లతో మసకగా ఉంటుంది, రెండోది తేటగా ఉంటుంది. ఈ రోజు పనంతా ఆ మసకకీ తేటకీ మధ్యే.

అగ్రిగోమీటర్ అంటే ప్లాస్మాలోంచి ఎంత వెలుగు పోతుందో కొలిచి గీతగా గీసే మెషిన్. 1962లో గుస్తావ్ బోర్న్ అనే శాస్త్రవేత్త ప్రచురించిన పద్ధతి ఇది. పీఆర్‌పీలోంచి వెలుగు తక్కువగా పోతుంది, దాన్ని 0 శాతంగా పెట్టండి. పీపీపీని 100గా పెట్టండి. 37 డిగ్రీల దగ్గర, చిన్న అయస్కాంతపు పుల్ల తిరుగుతుండగా పీఆర్‌పీలో రీజెంట్ (ప్లేట్‌లెట్లను గుంపు కట్టించే పదార్థం) వేస్తే ప్లేట్‌లెట్లు గుంపులు కడతాయి. పాలు విరిగితే నీరు తేటపడ్డట్టు ప్లాస్మా తేటపడి గీత పైకి లేస్తుంది.

మెషిన్‌లో పెట్టే ముందు పీఆర్‌పీ ట్యూబుని వెలుతురుకి ఎదురుగా పట్టుకుని మెల్లగా తిప్పి చూడండి. లోపల మెరుపు సుడులు కనిపిస్తే ప్లేట్‌లెట్లు బిళ్లల ఆకారంలోనే, బాగున్నాయని అర్థం. ఫ్రిజ్‌లో పెట్టిన శాంపిల్‌లో ఈ మెరుపు పోతుంది. అందుకే గది వేడిలోనే ఉంచాలి, రక్తం తీసిన నాలుగు గంటల్లోపు పరీక్ష ముగించాలి.

ఏడీపీ, కొల్లాజెన్ అనే రీజెంట్లు వేసినప్పుడు గీత ముందు కాస్త కిందికి దిగి, తర్వాత లేస్తుంది. ప్లేట్‌లెట్లు ఆకారం మార్చుకోవడం వల్ల వచ్చే దిగుడు అది. లోపం అనుకోకండి.

ఇక రిస్టోసెటిన్ అనే రీజెంట్. అసలు చదువు ఇక్కడుంది. మిగతా రీజెంట్లకు గీత లేవకుండా దీనికి మాత్రమే లేస్తే గ్లాన్జ్‌మాన్ జబ్బుని (ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోలేని జబ్బు) అనుమానించాలి. అన్నిటికీ లేచి దీనికి మాత్రమే లేవకపోతే బెర్నార్డ్-సూలియర్ కావచ్చు, వాన్ విల్లెబ్రాండ్ జబ్బు కావచ్చు. అప్పుడు ఆరోగ్యవంతుల ప్లాస్మా కొంచెం కలిపి మళ్లీ చూడండి. గీత లేస్తే లోటు ప్లాస్మాలో ఉంది, అంటే వాన్ విల్లెబ్రాండ్; లేవకపోతే ప్లేట్‌లెట్‌లోనే ఉంది, అంటే బెర్నార్డ్-సూలియర్. దేనికీ లేవలేదా? రోగికి జబ్బు అంటగట్టే ముందు క్యూవెట్‌లో (శాంపిల్ పోసే చిన్న గొట్టంలో) పుల్ల ఉందో లేదో చూడండి. అది తిరగకపోతే ఎంత మంచి ప్లేట్‌లెట్లయినా గుంపు కట్టవు.

అభ్యాసం: ఏడీపీకీ రిస్టోసెటిన్‌కీ గీత లేచింది, అరాకిడోనిక్ యాసిడ్ అనే మరో రీజెంట్‌కి లేవలేదు. మందులేమీ వాడట్లేదంటున్నారు రోగి. గత పది రోజుల గురించి ఆయన్ని ఏమేం అడుగుతారో రాసి పెట్టుకోండి, నాలుగో పాఠం అక్కణ్ణుంచే మొదలుపెడదాం.