బయోమెటీరియల్స్ ల్యాబ్ పని నేర్చుకుందాం – 5వ పాఠం: కొల్లాజెన్ జెల్

పోయిన పాఠంలో హుడ్ (వడకట్టిన శుభ్రమైన గాలి వీచే పని పెట్టె) లోపల చేతులు ఎలా కదపాలో, సీసా మూత ఎక్కడ పెట్టాలో చూశాం. ఈసారి కణాలు పెరగడానికి కావాల్సిన మెటీరియల్‌నే తయారు చేద్దాం.

చర్మం, ఎముక, స్నాయువు ఎక్కడ చూసినా ఉండే ప్రొటీన్ కొల్లాజెన్. దాని అణువులో మూడు పేటలు పెనవేసుకుని ఉంటాయని 1954-55లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా చెప్పారు. వేడి తగిలి ఆ పేటలు విడిపోతే ఇక అది కొల్లాజెన్ కాదు, జెలటిన్. ఈ రెండింటి నడత పూర్తిగా తలకిందులు. జెలటిన్ చల్లబడితే గడ్డకడుతుంది. మన కొల్లాజెన్ మాత్రం ఆమ్లంలో, చల్లగా ఉన్నంతసేపూ ద్రవంగానే ఉంటుంది. ఆమ్లం పోగొట్టి వెచ్చబెడితే జెల్ అవుతుంది. జెలటిన్‌తో పనిచేసి వచ్చినవాళ్లు ఇక్కడే తడబడతారు.

ల్యాబుల్లో ఎక్కువగా వాడేది ఎలుక తోక నుంచి తీసిన టైప్ 1 కొల్లాజెన్. 0.02 నార్మల్ (ఆమ్లం, క్షారాల గాఢతకు కొలమానం) అసిటిక్ ఆమ్లంలో కరిగించి అమ్ముతారు. ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర ఉంచాలి, ఫ్రీజర్‌లో పెట్టకూడదు. సీసా మీద గాఢత, లాట్ నంబరు (ఏ విడతలో తయారైందో చెప్పేది) ఉంటాయి. రెండూ నోట్‌బుక్‌లోకి ఎక్కాకే మూత తీయండి. లాట్ మారితే గాఢత మారుతుంది, దాంతో లెక్కంతా మారుతుంది.

ఇప్పుడు లెక్క. స్టాక్ (సీసాలో ఉన్న కొల్లాజెన్ ద్రావణం) మి.లీ.కి 4 మి.గ్రా. అనుకుందాం. మనకు కావాల్సింది మి.లీ.కి 2 మి.గ్రా. ఉండే జెల్, మొత్తం 10 మి.లీ. అంటే కొల్లాజెన్ 5 మి.లీ. పడుతుంది. ఆమ్లాన్ని తటస్థం చేయడానికి 1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ కావాలి. కొల్లాజెన్ పరిమాణాన్ని 0.023తో గుణించమని ప్రోటోకాల్‌లో రాసి ఉంటుంది. ఆ అంకె ఎక్కడిదో తెలిస్తే మర్చిపోరు. ఆమ్లం 0.02 నార్మల్ కాబట్టి దానికి సరిపడా క్షారం 0.02 వంతు, పైన కాస్త అదనం. అలా 5 మి.లీ.కి 0.115 మి.లీ., అంటే 115 మైక్రోలీటర్లు. క్షారం సీసా పాతదైతే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని బలం తగ్గి ఉంటుంది. అప్పుడు లెక్క సరిగ్గా ఉన్నా జెల్ రాదు.

తర్వాత ఉప్పు సంగతి. కణాలు లేకుండా చేస్తే 10ఎక్స్ (మామూలుకన్నా పది రెట్లు గాఢమైన) పీబీఎస్, అంటే పీహెచ్‌ను నిలకడగా ఉంచే ఉప్పునీరు, 1 మి.లీ. వేస్తాం, 10 మి.లీ.లో కలిసేసరికి అది 1ఎక్స్ అవుతుంది. కానీ కణాలను 1 మి.లీ. మీడియంలో (కణాలను పెంచే పోషక ద్రవంలో) కలుపుతున్నాం అనుకోండి. ఆ మీడియంలో కణాలకు సరిపడా ఉప్పు అప్పటికే ఉంది. అందుకే పీబీఎస్ లెక్క మిగతా 9 మి.లీ.కే వేయాలి, అంటే 0.9 మి.లీ. ఇది పట్టించుకోకుండా 1 మి.లీ. వేస్తే ఉప్పు పదో వంతు ఎక్కువవుతుంది. జెల్ చక్కగా కడుతుంది, చూడ్డానికి ఏ లోపమూ కనబడదు. ఇబ్బంది పడేది కణాలు. మిగిలింది స్టెరైల్ నీళ్లు, 2.985 మి.లీ.

కలిపే పనంతా ఐసు మీదే. ట్యూబు, పిపెట్ టిప్పులు కూడా ముందే చల్లబరచండి. మొదట పీబీఎస్, క్షారం, నీళ్లు కలిపి, ఆపైన కొల్లాజెన్ వేయాలి. కొల్లాజెన్ చిక్కగా, జిగురుగా ఉంటుంది. పిపెట్ బటన్ మెల్లగా వదలండి, టిప్‌లోకి పూర్తిగా ఎక్కేదాకా ద్రవంలోనే ఉంచండి. తొందరపడితే గాలి బుడగలు వస్తాయి, వచ్చాక పోవు. మిశ్రమంలో ఫినాల్ రెడ్ (పీహెచ్‌ను బట్టి రంగు మారే పదార్థం) ఉంటే రంగు చూసి చెప్పేయొచ్చు. పసుపుగా ఉంటే ఇంకా ఆమ్లం ఉందని, ఎరుపైతే సరిపోయిందని, గులాబీ రంగులోకి పోతే క్షారం ఎక్కువైందని అర్థం. రంగు లేకపోతే ఒక చుక్క పీహెచ్ పేపర్ మీద వేసి చూడండి, 7.2-7.4 దగ్గర ఉండాలి. కణాలను ఆఖరున, పీహెచ్ చూశాకే కలపాలి.

వెంటనే ప్లేటులో, 24 గుంటలదైతే గుంటకు 0.5 మి.లీ. చొప్పున పోసి 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో పెట్టండి. అరగంట పడుతుంది. పాలు తోడేసి గిన్నె కదపనట్టే ఈ అరగంటా ప్లేటును కదపకూడదు. కట్టిన జెల్ కాస్త తెల్లగా, మసకగా కనిపిస్తుంది. ముప్పావుగంటైనా గాజులా తేటగా, నీళ్లలా ఉంటే ముందు అనుమానించాల్సింది పీహెచ్‌నే. జెల్ ఆలస్యంగా కట్టినా చిక్కే, ఈలోగా కణాలన్నీ అడుక్కి దిగిపోతాయి. అందుకే కొత్త లాట్ వచ్చినప్పుడల్లా కణాలు లేకుండా 1 మి.లీ. కలిపి చూసుకోవడం మంచిది. కణాలు పెంచడానికి వారాలు పడుతుంది, ఈ పరీక్షకు గంట చాలు.

ఇంకో మాట. ఫైబ్రోబ్లాస్టులు (ఒంట్లో కొల్లాజెన్‌ను తయారుచేసే కణాలు) వేసి, గట్టిపడిన జెల్‌ను అంచుల నుంచి విడదీసి మీడియంలో తేలనిస్తే, మర్నాటికి అది కుంచించుకుపోయి కనిపిస్తుంది. మొదటిసారి చూసినవాళ్లకు టెన్షన్ పుడుతుంది, పారేద్దామా అనిపిస్తుంది. పారేయకండి. కణాలు కొల్లాజెన్ పోగులను పట్టుకుని లాగుతున్నాయి, బతికున్నాయనడానికి అదే గుర్తు. యూజీన్ బెల్ బృందం 1979లో ఈ కుంచించుకోవడాన్నే ప్రచురించి, తర్వాత దాని మీద చర్మకణాలు పెంచి చర్మంలాంటి పొరను తయారు చేసింది. ఆ దారిలో వచ్చిన ఆప్లిగ్రాఫ్ అనే చర్మంలాంటి పొరకు 1998లో అమెరికాలో మానని కాలిపుండ్ల చికిత్సకు అనుమతి దొరికింది. కాబట్టి జెల్ వ్యాసాన్ని రోజూ ఒకే వేళకు కొలిచి రాయండి, పక్కనే స్కేలు పెట్టి ఫొటో తీయండి. కణాలు వేయని జెల్ ఒకటి పక్కన లేకపోతే ఆ కొలతలు దేనికీ పనికిరావు.

అభ్యాసం: స్టాక్ మి.లీ.కి 3 మి.గ్రా. కావాల్సింది మి.లీ.కి 1.5 మి.గ్రా., మొత్తం 6 మి.లీ. అందులో కణాలున్న మీడియం 0.6 మి.లీ. నాలుగు పరిమాణాలూ కాగితం మీద వేసి చూడండి. నీళ్లు 1.791 మి.లీ. రావాలి. 1.731 వచ్చిందంటే పీబీఎస్ దగ్గర మళ్లీ చూసుకోండి. వచ్చే పాఠంలో ట్రిపాన్ బ్లూ అనే రంగు వేసి బతికున్న కణాలను లెక్కపెడదాం.