సైన్స్ డే ప్రయోగాలు: సీసాకు మూత బిగించొద్దు

మొన్న పక్క మండలంలో ఐదో తరగతి పిల్లోడి ముఖం మీద సున్నం చిమ్మింది. ప్లాస్టిక్ సీసాలో సున్నపు గడ్డలు వేసి, నీళ్లు పోసి, మూత బిగించారంట. ఫిబ్రవరి 28 దగ్గర పడింది. ప్రతి బడిలోనూ ఘన, ద్రవ, వాయు పదార్థాల ప్రయోగాలే. నిప్పుతో జాగ్రత్త, కత్తెరతో జాగ్రత్త అని టీచర్లకు నేను చెప్పక్కర్లేదు.

చెప్పాల్సింది మూత గురించే. మన కర్నూలు, కడప జిల్లాల్లో సున్నపురాయికి కొదవ లేదు, కాల్చిన సున్నం కోసం వెతుక్కునే పనీ లేదు. నీళ్లు తగిలితే అది ఆ నీళ్లనే మరిగించేంత వేడెక్కుతుంది. నీరు ఆవిరైతే దాదాపు 1,600 రెట్లు చోటు కావాలి. సీసాలో అంత చోటు యాడుంది? కుక్కర్‌కైతే విజిల్ ఉంది, అది మొరాయిస్తే సేఫ్టీ వాల్వ్ ఉంది. మూత బిగించిన కూల్‌డ్రింక్ సీసాకు పగలడమే దారి.

ఇందులో ఇంకో మోసం ఉంది. బాగా కాలిన గడ్డ ఒక్కోసారి వెంటనే పొంగదు. ‘ఏమీ కాలేదు సార్’ అని పిలకాయలు సీసా మీదికి వంగుతారు. సరిగ్గా అప్పుడే లేస్తుంది. కంట్లో పడిన సున్నం లోపలికి కాలుస్తూ పోతుంది, చూపే పోవచ్చు. అందుకే ప్రాథమిక తరగతుల్లో సున్నం అసలు వద్దు.

వంటసోడా, వెనిగర్ చాలు. అక్కడా వాయువు పుడుతుంది కాబట్టి మూత బిగించొద్దు. సీసా మూతికి బెలూన్ తొడగండి. వాయువుకు చోటు కావాలని ఉబ్బే బెలూనే చూపిస్తుంది, మరీ ఎక్కువైతే ఊడొస్తుంది, అంతే. సీసాను వేడి చేసి చూపించేటప్పుడూ ఇదే మాట: మూత బిగించొద్దు.

సున్నం కంట్లో పడితే గడ్డలు తీసేసి, రెప్పలు తెరిచి పట్టి, మంచినీళ్ల ధారతో కనీసం 20 నిమిషాలు కడగండి. నిమ్మరసం, వెనిగర్ పొయ్యొద్దు. 108కి ఇంకొకరు ఫోన్ చెయ్యాలి, కడిగే చెయ్యి ఆగకూడదు.

మిగతావి, గుర్తొచ్చిన వరసలో:

ఉప్పా చక్కెరా అని రుచి చూసి చెప్పమనొద్దు. ఈరోజు చక్కెర నాకినోడు రేపు ఇంకోటి నాకుతాడు.

కలరా ఉండలు తేవద్దు. కర్పూరం మీ చేతిలోనే ఉండాలి. మింగితే ఫిట్స్ వస్తాయి.

వెలుగుతున్న స్పిరిట్ దీపంలో స్పిరిట్ పొయ్యొద్దు. ఆరిందనుకుని కూడా పొయ్యొద్దు, పగటిపూట ఆ మంట కనపడదు. చల్లారాక పొయ్యండి.

పాదరసం థర్మామీటరు వద్దు.

గాజు గ్లాసులో మరిగే నీళ్లు వద్దు.

జడలు వెనక్కి. చున్నీలు ముడి.

పేలలేదని సీసా దగ్గరికి పోవద్దు. ఎవరో బిగించేసి ఉంటే మీరు విప్పబోవద్దు, పిలకాయలను బయటికి పంపండి.

తాగే నీళ్ల సీసాల్లో స్పిరిట్, యాసిడ్ పొయ్యొద్దు. చీటీ అంటించామంటారేమో, ఒకటో తరగతి వాడికి ఇంకా చదవడం రాదు.