సన్నని శబ్దం, బుస, గుయ్‌మనే మోత: పోర్టబుల్ హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్ ఎంపికలో సమస్య - పరిష్కారం

హెడ్‌ఫోన్‌లో పాట సరిగా వినిపించడం లేదనగానే వచ్చే మొదటి సలహా ఒక యాంప్లిఫయర్ కొనమని. విజయనగరం, శ్రీకాకుళం వంటి పట్టణాల్లో ఈ చిన్న యంత్రాలను వరుసగా పెట్టుకుని, ఒక్కొక్కదానికీ మన హెడ్‌ఫోన్ తగిలించి, విని కొనుక్కునే వీలు దాదాపు లేదు కాబట్టి, చాలామంది ఆన్‌లైన్‌లో మిల్లీవాట్ల అంకె ఎక్కడ పెద్దదిగా ఉంటే దాన్నే తెప్పించుకుంటారు. కానీ హెడ్‌ఫోన్లలో కనిపించే ఇబ్బందుల్లో శక్తి చాలకపోవడం ఒకటి మాత్రమే. లక్షణాన్ని బట్టి కారణాన్ని, కారణాన్ని బట్టి యంత్రాన్ని వెతుక్కుంటే కొందరికి అసలు ఖర్చే ఉండదు. కొందరికి తక్కువ శక్తి గల యంత్రమే మేలని తేలుతుంది.

సౌండ్ పూర్తిగా పెంచినా సన్నగానే వినిపిస్తోంది

ముందుగా ఇది నిజంగా శక్తి లోపమా, లేక ఎక్కడో వాల్యూమ్ ఇరుక్కుపోయిందా అన్నది తేల్చుకోవాలి. టైప్-సి డాంగిల్ (ఫోన్ చార్జింగ్ పోర్టుకు తగిలించి హెడ్‌ఫోన్ కలుపుకునే చిన్న యంత్రం) లోపల ఒక వాల్యూమ్ ఉంటుంది, ఫోన్‌లో మరొకటి ఉంటుంది. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లకు కొన్ని డాంగిల్‌లను తగిలించినప్పుడు డాంగిల్‌లోని వాల్యూమ్ తక్కువ స్థాయిలోనే ఆగిపోతుంది. మనం ఎంత నొక్కినా ఫోన్‌లోనిదే మారుతుంది. అదే డాంగిల్‌ను, అదే హెడ్‌ఫోన్‌ను ల్యాప్‌టాప్‌కు తగిలించి చూడండి. అక్కడ గట్టిగా వినిపిస్తే యాంప్లిఫయర్ అక్కర్లేదు. డాంగిల్ వాల్యూమ్‌ను నేరుగా నడపగలిగే యూఎస్‌బీ ఆడియో ప్లేయర్ ప్రో వంటి యాప్ సరిపోతుంది. ఫోన్ సెట్టింగుల్లో చెవుల రక్షణ కోసం పెట్టిన వాల్యూమ్ పరిమితి ఆన్‌లో ఉందేమో కూడా చూసుకోవాలి.

అవన్నీ సరిగానే ఉండి శబ్దం చాలడం లేదంటే హెడ్‌ఫోన్ వివరాల్లో రెండు అంకెలు చూడాలి: ఇంపెడెన్స్ (కరెంటుకు హెడ్‌ఫోన్ చూపే అడ్డు, ఓమ్‌లలో), సెన్సిటివిటీ (ఇచ్చిన సిగ్నల్‌కు ఎంత శబ్దం వస్తుందన్నది, డెసిబెల్‌లలో). ఇంపెడెన్స్ ఒక్కటే చూసి నిర్ణయించడం వల్లనే ఎక్కువ పొరపాటు కొనుగోళ్లు జరుగుతున్నాయి. సెన్‌హైజర్ హెచ్‌డీ 650ని ఉదాహరణగా తీసుకుందాం. దాని ఇంపెడెన్స్ 300 ఓమ్‌లు. 1 వోల్ట్ ఇస్తే 103 డెసిబెల్‌ల శబ్దం వస్తుంది. పాటలో హఠాత్తుగా వచ్చే మృదంగపు దెబ్బలాంటి శిఖరాలకు 110 డెసిబెల్‌ల దాకా చోటు ఉంచుకోవాలనుకుంటే ఇంకో 7 డెసిబెల్‌లు కావాలి, అంటే సుమారు 2.2 వోల్టులు. మిల్లీవాట్లలో చూస్తే అది 17కు మించదు. చాలా ఫోన్లు, చిన్న డాంగిల్‌లు 1 వోల్ట్ దగ్గరే ఆగిపోతాయి కాబట్టి ఇక్కడ కొరత శక్తిది కాదు, వోల్టేజిది. 32 ఓమ్‌ల దగ్గర 125 మిల్లీవాట్లు అని గొప్పగా రాసుకున్న యంత్రం ఇచ్చేది 2 వోల్టులే. ఆ 2 వోల్టులే దాని హద్దయితే 300 ఓమ్‌ల దగ్గర అది 13 మిల్లీవాట్లే ఇవ్వగలదు. అందువల్ల పెద్ద ఇంపెడెన్స్ హెడ్‌ఫోన్ ఉన్నవారు 300 ఓమ్‌ల దగ్గర ఎంత అన్న అంకెను గానీ, గరిష్ఠ వోల్టేజిని గానీ చూడాలి. అది రాయని యంత్రాన్ని పక్కన పెట్టడమే మంచిది.

ప్లానార్ (పలుచని చదును పొర కదిలి శబ్దం చేసే రకం) హెడ్‌ఫోన్లలో చాలావాటి సంగతి దీనికి విరుద్ధం. 35 ఓమ్‌లు, మిల్లీవాట్‌కు 94 డెసిబెల్‌లు అని రాసిన హెడ్‌ఫోన్‌కు 110 డెసిబెల్‌లు రావాలంటే 40 మిల్లీవాట్లు, అంటే 1.2 వోల్టుల దగ్గర 34 మిల్లీ ఆంపియర్ల కరెంటు కావాలి. వోల్టులు బాగానే ఇచ్చినా కరెంటు ఇవ్వలేని చిన్న డాంగిల్ ఇక్కడ తడబడుతుంది. సౌండ్ పెంచేకొద్దీ మృదంగం తొప్పి (లోతుగా మోగే ఎడమ వైపు) నాదం పగిలినట్లు వినిపిస్తుంది. ఇలాంటివారికి సొంత బ్యాటరీ ఉన్న యాంప్లిఫయర్ కొనడం న్యాయమే. ఈక్వలైజర్‌లో బేస్‌ను పెంచినప్పుడు కూడా అచ్చం ఇలాంటి పగులే వినిపిస్తుంది. కాబట్టి డబ్బు పెట్టే ముందు ఈక్వలైజర్‌ను ఆపి వినండి, లేదా బేస్ ఎంత పెంచారో ప్రీయాంప్‌ను (ఈక్వలైజర్‌లో మొత్తం స్థాయిని మార్చే అమరికను) అంత తగ్గించి చూడండి.

శక్తి రెట్టింపయితే పెరిగేది 3 డెసిబెల్‌లే. చెవికి శబ్దం రెట్టింపైనట్లు తోచాలంటే శక్తి దాదాపు పది రెట్లు పెరగాలి. ఆ లెక్కన 200 మిల్లీవాట్ల యంత్రాన్ని అమ్మి 300 మిల్లీవాట్లది కొనడం 2 డెసిబెల్‌లైనా రాని మార్పు కోసం డబ్బు పోసుకోవడమే.

ఇంట్లో బాగుంది, రైల్లో మాత్రం ఏమీ వినిపించడం లేదు

రోజూ విజయనగరం నుంచి విశాఖకు వెళ్లివచ్చేవారు తరచుగా చెప్పే ఫిర్యాదు ఇది. కారణం బయటి రొద. చెవిలో సరిగా బిగియని ఇయర్‌ఫోన్ టిప్పు, వెనుక తెరిచి ఉండే ఓపెన్-బ్యాక్ హెడ్‌ఫోన్ ఆ రొదను లోపలికి రానిస్తాయి. దాని మీద పాటను పెంచుకుంటూ పోవడానికి యాంప్లిఫయర్ కొంటే చెవులకే నష్టం. పెద్దలకు 80 డెసిబెల్‌ల శబ్దం వారానికి 40 గంటలకు మించకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. చెవికి సరిపోయే సైజు సిలికాన్ లేదా ఫోమ్ టిప్పులు మార్చుకోండి.

పాట వెనక బుస వినిపిస్తోంది

అసలు బుస ఎక్కడి నుంచి వస్తోందో ముందు చూడాలి. 1919లో మొదలైన మన విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ బోధించిన ద్వారం వెంకటస్వామినాయుడు గారి పాత గ్రామఫోన్ రికార్డు ఒకటి పెట్టి వింటే, వయొలిన్ వెనక ఎప్పుడూ ఒక సన్నని గరగర ఉంటుంది. అది ఆ కాలపు డిస్కులోనిది. ఎంత ఖరీదైన యాంప్లిఫయర్ పెట్టినా పోదు. పైగా మంచి యంత్రం దాన్ని ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది. పాటను ఆపేయండి. బుస కూడా ఆగిపోతే అది రికార్డింగులోనిదే. ఆగకపోతే వాల్యూమ్ నాబ్‌ను అటూ ఇటూ తిప్పండి. నాబ్‌తో పాటు బుస పెరిగి తగ్గుతుంటే అది యాంప్లిఫయర్‌కు ముందున్న ఫోన్ నుంచో, ప్లేయర్ నుంచో వస్తోంది. ఫోన్ హెడ్‌ఫోన్ జాక్ నుంచి వైరు వేసి ఇంకో యాంప్లిఫయర్‌ను నడిపేవారికి ఇది మామూలే. అలాంటప్పుడు ఫోన్ వాల్యూమ్‌ను శబ్దం పగలనంత మేర బాగా పెంచి, యాంప్లిఫయర్‌లో తగ్గించాలి. ప్లేయర్‌కు లైన్ అవుట్ (మరో యంత్రానికి సిగ్నల్ పంపడానికే ఉన్న సాకెట్టు) ఉంటే దాన్నే వాడాలి.

నాబ్‌ను పూర్తిగా తగ్గించినా బుస అలాగే ఉంటే అది యాంప్లిఫయర్ సొంత శబ్దం. బలమైన యంత్రానికి సున్నితమైన ఇయర్‌ఫోన్ తగిలించినప్పుడే ఇది ఎక్కువగా బయటపడుతుంది. 1 వోల్ట్‌కు 125 డెసిబెల్‌లు ఇచ్చే ఇయర్‌ఫోన్‌కు 5 మైక్రోవోల్టుల శబ్దం అందితే చెవి దగ్గర అది 19 డెసిబెల్‌లవుతుంది; రాత్రి ఫ్యాను ఆపిన గదిలో వినిపించి తీరుతుంది. అదే యంత్రానికి హెచ్‌డీ 650 తగిలిస్తే ఆ శబ్దం సున్నా డెసిబెల్‌ల కన్నా దిగువకు పోతుంది, ఎవరికీ వినిపించదు. యాంప్లిఫయర్ ఒకటే అయినా ఒకరు భేష్ అనీ, ఇంకొకరు పనికిరాదనీ రాయడం వెనక చాలాసార్లు ఉండే సంగతి ఇదే. మొదట గెయిన్ స్విచ్చిని (సిగ్నల్‌ను యాంప్లిఫయర్ ఎన్ని రెట్లు పెంచాలో మార్చేది) 'లో' (తక్కువ) స్థానానికి మార్చండి. చాలకపోతే ఇయర్‌ఫోన్‌కు ముందు తగిలించే అటెన్యుయేటర్ (సిగ్నల్‌ను తగ్గించే చిన్న అడాప్టర్) వాడవచ్చు. కొత్తది కొనేటట్లయితే నాయిస్ 2 మైక్రోవోల్టుల లోపు అని రాసిన డాంగిల్ మీకు తగినది, అర వాట్ యంత్రం కాదు.

తక్కువ సౌండ్‌లో ఒక చెవికే వినిపిస్తోంది

తిప్పే నాబ్ ఉన్న యంత్రాల్లో ఎడమ, కుడి చానెళ్లకు విడివిడిగా ఉండే రెసిస్టెన్స్ పట్టీలు నాబ్ మొదట్లో అచ్చంగా సరిపోలవు. గెయిన్ తగ్గిస్తే నాబ్‌ను ఇంకాస్త ముందుకు తిప్పి వినవలసి వస్తుంది, తేడా పోతుంది. ఇయర్‌ఫోన్లే వాడేవారు బొత్తాలతో డిజిటల్ వాల్యూమ్ ఉన్న యంత్రాన్ని ఎంచుకుంటే ఈ బాధ ఉండదు.

గాయకుడి గొంతు మాయమై వాద్యాలు మాత్రమే వినిపిస్తున్నాయి

ఇది చూసి యాంప్లిఫయర్ పాడైందని తిప్పి పంపేవారున్నారు. మైకు ఉన్న హెడ్‌ఫోన్ పిన్నుకు మూడు నల్ల గీతలు, నాలుగు భాగాలు ఉంటాయి. మైకు లేని పిన్నుకు రెండు గీతలు. మొదటి రకం పిన్ను కొన్ని సాకెట్లలో సరిగా కూర్చోక, రెండు చెవులకూ ఉమ్మడిగా ఉండే గ్రౌండ్ తగలకపోతే, ఎడమ కుడి చానెళ్ల మధ్య ఉన్న తేడా మాత్రమే వినిపిస్తుంది. గొంతును సాధారణంగా రెండు చానెళ్లలోనూ సమానంగా ఉంచుతారు కాబట్టి అదే రద్దయిపోతుంది. నిర్ధారించుకోవడానికి మోనోలో రికార్డయిన ఒక పాత ఘంటసాల పాట పెట్టండి: మోనోలో రెండు చానెళ్లూ ఒకటే కాబట్టి గొంతుతో పాటు వాద్యాలు కూడా దాదాపు పూర్తిగా మూగబోతాయి. అప్పుడు పిన్నును ఒక వెంట్రుక వాసి బయటికి లాగి చూడండి. గొంతు తిరిగొస్తే లోపం కాంటాక్టుది. నాలుగు భాగాల పిన్నును మూడు భాగాలకు మార్చే చిన్న అడాప్టర్‌తో పని జరిగిపోతుంది.

కొత్త యాంప్లిఫయర్‌తో ఇయర్‌ఫోన్ గుణమే మారిపోయింది

తీగనాదం మొద్దుబారడం, తాళాల మెరుపు తగ్గడం, కొన్నిసార్లు బేస్ ఉబ్బడం యాంప్లిఫయర్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ (యాంప్లిఫయర్ తన వైపు నుంచి కలిపే అడ్డు) వల్ల జరుగుతాయి. బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ డ్రైవర్లు (ఇయర్‌ఫోన్లలో వాడే ఒక రకం అతి చిన్న స్పీకర్లు) అనేకం ఉన్న ఇయర్‌ఫోన్ ఇంపెడెన్స్ అన్ని స్వరస్థాయిల్లోనూ ఒకేలా ఉండదు. మధ్యస్థాయిలో 40 ఓమ్‌లు, పై స్థాయిలో 10 ఓమ్‌లు ఉన్న ఇయర్‌ఫోన్‌ను 10 ఓమ్‌ల అవుట్‌పుట్ ఉన్న యంత్రానికి తగిలిస్తే పై స్థాయి దాదాపు 4 డెసిబెల్‌లు పడిపోతుంది. 1 ఓమ్ ఉన్న యంత్రంతో ఆ తేడా ముప్పావు డెసిబెల్ కూడా ఉండదు. హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్‌లో ఎనిమిదో వంతుకు లోబడి యాంప్లిఫయర్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ ఉండాలన్నది వాడుకలో ఉన్న లెక్క. నా మట్టుకు నేను ఇయర్‌ఫోన్లకు 1 ఓమ్ దాటినదాన్ని చూడను.

4.4 మిల్లీమీటర్ల బ్యాలెన్స్‌డ్ సాకెట్టు (రెండు చానెళ్లకు ఉమ్మడి గ్రౌండ్ కాక విడివిడి నెగెటివ్ తీగలు ఉండేది) మీద ఉన్న మోజు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. దానివల్ల వోల్టేజి ఇంచుమించు రెట్టింపవుతుంది, 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు అది పనికొస్తుంది. అయితే అవుట్‌పుట్ ఇంపెడెన్స్ కూడా రెట్టింపవుతుంది, ఇయర్‌ఫోన్లకు ఒరిగేదేమీ లేదు. 4.4 సాకెట్టులో మామూలు 3.5 హెడ్‌ఫోన్‌ను అడాప్టర్‌తో దూర్చడం మాత్రం ఎన్నడూ చేయవద్దు. రెండు చానెళ్ల నెగెటివ్ తీగలు కలిసిపోయి యాంప్లిఫయర్ కాలిపోవచ్చు.

చార్జింగ్ పెట్టగానే గుయ్‌మంటోంది

చార్జర్ తీస్తే మోత ఆగిపోయిందంటే లోపం కరెంటు దారిలో ఉంది. ల్యాప్‌టాప్‌కు చార్జర్ పెట్టి, దానికే యాంప్లిఫయర్ తగిలించినప్పుడు, ఇంట్లో ఎర్తింగ్ సరిగా లేకపోతే ల్యాప్‌టాప్ లోహపు ఒంటి మీద చెయ్యి పెడితే సన్నగా జివ్వుమనడం, హెడ్‌ఫోన్‌లో గుయ్‌మనడం రెండూ కనిపిస్తాయి. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల అడాప్టర్‌లో దూర్చి వాడడం మానేయాలి, సాకెట్టులో ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించాలి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదకు మారినప్పుడు మాత్రమే మోత వస్తే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ (కరెంటును సాఫీ అలలా కాక చతురస్రపు అలలా ఇచ్చే రకం) కావచ్చు. ఆ కాసేపు చార్జర్ తీసి బ్యాటరీ మీద వినడమే సులువు. ఇక బర్ర్ బర్ర్‌మని విడివిడిగా వచ్చి, వెంటనే కాల్ మోగితే అది 2జీ సిగ్నల్ చేసే అల్లరి: సెకనుకు 217 సార్లు ఆగి ఆగి వెలువడే ఆ తరంగాలు కవచం సరిగా లేని తీగల్లో దూరతాయి. ఫోన్‌ను యాంప్లిఫయర్‌తో కలిపి రబ్బరు బ్యాండుతో చుట్టుకునే అలవాటు ఉంటే విడదీయండి, లేదా విమానం మోడ్‌లో పెట్టండి.

ఫోన్ యంత్రాన్ని గుర్తించడం లేదు, లేదా మధ్యలో వదిలేస్తోంది

కొన్ని కంపెనీల ఆండ్రాయిడ్ ఫోన్లలో ఓటీజీని (ఫోన్‌కు బయటి యూఎస్‌బీ యంత్రాలను తగిలించుకునే వీలును) సెట్టింగుల్లో మనమే ఆన్ చేయాలి. పది నిమిషాలు వాడకపోతే అదే ఆగిపోతుంది. లైట్నింగ్ పోర్టు ఉన్న పాత ఐఫోన్లు ఎక్కువ కరెంటు లాగే యంత్రాన్ని అనుమతించవు, వాటికి సొంత బ్యాటరీ ఉన్నదే కావాలి. చవకగా దొరికే టైప్-సి జాక్ అడాప్టర్లలో కొన్నింటి లోపల వైర్లు తప్ప చిప్పే ఉండదు. ఆ పద్ధతిని ఒప్పుకునే ఫోన్లలోనే అవి పనిచేస్తాయి. కొనేటప్పుడు వివరాల్లో డాక్ (DAC: డిజిటల్ సిగ్నల్‌ను హెడ్‌ఫోన్‌కు తగిన అనలాగ్ సిగ్నల్‌గా మార్చే చిప్పు) అన్న మాట ఉందో లేదో చూడండి.

డాంగిల్ తినేది ఫోన్ బ్యాటరీనే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేని సంగతి తెలిసినవారు, అలాంటి వేళ ఫోన్ చార్జింగును పాటలకు ఖర్చు చేసుకోరు. సొంత బ్యాటరీ ఉన్న యంత్రాల్లో ఫోన్ నుంచి చార్జింగ్ లాగకుండా ఆపే స్విచ్చి ఉన్నదాన్ని ఎంచుకోవడం ఇందుకే.

నాబ్ తిప్పినా, పిన్ను కదిపినా కరకర

కళింగపట్నం, భావనపాడు వంటి తీర గ్రామాల్లో ఉప్పుగాలికి పిన్నుల మీద, సాకెట్ల లోపల మసక పొర పడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన మెత్తని గుడ్డతో పిన్నును తుడిచి, ఆరాక యంత్రాన్ని ఆపి ఉంచి కొన్నిసార్లు దూర్చి తీయాలి. నాబ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు పలుమార్లు తిప్పాలి. అయినా కరకర పోకపోతే అదే హెడ్‌ఫోన్‌ను మరో ఫోన్‌కు తగిలించి పిన్నును కదపండి. అక్కడా వినిపిస్తే తీగ తెగుతోందని అర్థం, వైరు మార్చాలి. అక్కడ లేకపోతే యాంప్లిఫయర్ సాకెట్టు టంకం వదిలిందేమో. తిప్పి పంపే గడువు దాటకముందే పంపేయండి.