గన్నవరం ఎయిర్‌పోర్టు నుంచి విమానం ఎక్కాలంటే: ఇంటి దగ్గర బయలుదేరినప్పటి నుంచి సీట్లో కూర్చునేదాకా

హైదరాబాద్ శంషాబాద్‌లోనో, ఢిల్లీలోనో అయితే ఎయిర్‌పోర్టు లోపలే అరగంట నడవాలి. విజయవాడ పక్కనున్న గన్నవరంలో ఆ బాధ లేదు. గేటు దాటితే చెక్-ఇన్ కౌంటర్లు ఎదురుగానే కనిపిస్తాయి, సెక్యూరిటీ ఆ పక్కనే. ఇక్కడ ఫ్లైట్ మిస్సయ్యేవాళ్లలో చాలామంది లోపల దారి తెలియక మిస్ కారు, విజయవాడ నుంచి వచ్చే దారిలో ఎనికేపాడు దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని మిస్సవుతారు. అందుకే లోపల ఏముందో చెప్పేకన్నా ముందు రోడ్డు సంగతి చూద్దాం.

ముందుగా టైము లెక్క వేసుకోండి

లెక్క వెనక నుంచి వేయాలి. దేశంలో తిరిగే విమానాలకు చెక్-ఇన్ కౌంటర్ సాధారణంగా బయలుదేరే టైముకి గంట ముందు మూసేస్తారు. బోర్డింగ్ గేటు కూడా ఇరవై, పాతిక నిమిషాల ముందే మూతపడుతుంది. ఉదయం 9.30కి విమానం అనుకుందాం. సూట్‌కేసు వేయాలంటే 8.30 లోపు కౌంటర్ దగ్గర మీ వంతు వచ్చేయాలి. కాబట్టి 7.45కల్లా ఎయిర్‌పోర్టు గుమ్మంలో ఉంటే టెన్షన్ ఉండదు. విజయవాడ బస్టాండ్ నుంచి ఎయిర్‌పోర్టు సుమారు 20 కిలోమీటర్లు. తెల్లవారుజామున అరగంటలో వెళ్లిపోయే దారే, కాలేజీ బస్సులు, ఆఫీసు బళ్లు రోడ్డెక్కాక గంట దాకా పట్టొచ్చు. రామవరప్పాడు రింగు, ప్రసాదంపాడు, ఎనికేపాడు, నిడమానూరు... ఈ వరసలో ఎక్కడ ఆగుతుందో ముందు చెప్పలేం. అంటే ఊళ్లోంచి 6.30కి కదలాలి.

గుంటూరు నుంచి అయితే దాదాపు 55 కిలోమీటర్లు. మంగళగిరి దాటి కృష్ణా నది మీది వారధి మీదుగా వచ్చి, బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కితే ఊరి మధ్య సిగ్నళ్లు తప్పుతాయి కానీ రామవరప్పాడు తప్పదు. రెండు గంటలు చేతిలో పెట్టుకుని బయలుదేరండి. విజయవాడకు పడమర నుంచి వేసిన బైపాస్ గన్నవరం అవతల చినఅవుటుపల్లి దగ్గర హైవేలో కలుస్తుంది. మీరు వెళ్లే రోజు అందులో ఏ భాగం మీద బళ్లు తిరుగుతున్నాయో మ్యాప్‌లో చూసుకుని, దాన్ని బట్టి దారి ఎంచుకోండి.

ఏలూరు, హనుమాన్ జంక్షన్ వైపు నుంచి వచ్చేవాళ్లు అదృష్టవంతులు. వాళ్లకు విజయవాడ ట్రాఫిక్కే తగలదు, పొట్టిపాడు టోల్‌గేటు దాటితే ఎయిర్‌పోర్టు దగ్గర్లోనే ఉన్నట్టు. గుడివాడ వాళ్లు కూడా బెజవాడలోకి రాకుండానే గన్నవరం చేరొచ్చు. మచిలీపట్నం నుంచి వచ్చేవాళ్లు పామర్రు దగ్గర గుడివాడ వైపు తిరిగితే ఇదే సౌకర్యం దొరుకుతుంది.

ఇంకో రెండు విషయాలు ఈ ఎయిర్‌పోర్టుకే ప్రత్యేకం. అమరావతికి వచ్చే పెద్దలంతా దిగేది ఇక్కడే. ముఖ్యమంత్రో కేంద్రమంత్రో వచ్చే రోజు కాన్వాయ్ కోసం హైవే మీద బళ్లు ఆపేస్తారు. ముందురోజు పేపరు తిరగేస్తే ఎవరు వస్తున్నారో తెలిసిపోతుంది. రెండోది పొగమంచు. డిసెంబరు, జనవరి నెలల్లో పొద్దున్నే వచ్చే విమానాలు మంచు వల్ల కిందకు దిగలేక గాల్లో చక్కర్లు కొట్టడం, హైదరాబాద్‌కో మరో చోటికో మళ్లడం మామూలే. వచ్చిన విమానమే మళ్లీ బయలుదేరాలి కాబట్టి మీ ఫ్లైటూ ఆలస్యమవుతుంది. సంక్రాంతి రోజుల్లో ఇక్కడి నుంచి హైదరాబాద్ వెళ్లి అక్కడ ఇంకో విమానం పట్టుకోవాలంటే పొద్దున్న మొదటి ఫ్లైట్ మీద ఆధారపడొద్దనే నా సలహా.

ఎలా వెళ్లాలి?

ఎయిర్‌పోర్టు పదహారో నంబరు జాతీయ రహదారి పక్కనే ఉంది. దేశంలో చాలా ఎయిర్‌పోర్టులకు లేని వసతి ఇది. అయినా బస్సులో వెళ్లొచ్చన్న ఆలోచనే చాలామందికి రాదు. విజయవాడ పండిట్ నెహ్రూ బస్టాండ్ నుంచి గన్నవరం, హనుమాన్ జంక్షన్ వైపు వెళ్లే సిటీ బస్సులు, పల్లెవెలుగు బస్సులు ఎయిర్‌పోర్టు ముందు నుంచే పోతాయి. ఎక్కేటప్పుడే కండక్టర్‌కి "ఎయిర్‌పోర్టు దగ్గర దింపాలండీ" అని చెప్పండి. ఏలూరు, రాజమండ్రి వైపు వెళ్లే ఎక్స్‌ప్రెస్‌లు అక్కడ ఆపుతాయో లేదో ఎక్కకముందే కనుక్కోవాలి. 2025 ఆగస్టు 15 నుంచి అమల్లోకి వచ్చిన స్త్రీశక్తి పథకం కింద సిటీ ఆర్డినరీ, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రంలోని ఆడవాళ్లు టికెట్ డబ్బులు కట్టక్కర్లేదు. ఆధార్ లాంటి కార్డు చూపిస్తే చాలు. ఆ కార్డు విమానం కోసం ఎలాగూ చేతిలోనే ఉంటుంది.

అయితే బస్సు హైవే మీద దింపుతుంది, టెర్మినల్ గుమ్మంలో కాదు. ఒక్క చక్రాల బ్యాగుతో వెళ్లేవాళ్లకు ఆ కాస్త నడక ఇబ్బంది కాదు. రెండు పెద్ద సూట్‌కేసులు, పెద్దవాళ్లు, చంటిపిల్లలు ఉంటే మాత్రం బస్సు వద్దు. రోడ్డు దాటాల్సి వస్తే హైవే కదా, లారీలు ఆగవు.

రైల్లో వచ్చేవాళ్లు గన్నవరంలో స్టేషన్ ఉందని మోసపోవద్దు. అక్కడ ఆగేవి కొద్ది రైళ్లే. విజయవాడ జంక్షన్‌లో దిగి, బస్టాండ్‌కి వెళ్లో, అక్కడి నుంచే క్యాబ్ బుక్ చేసుకునో రావడం మేలు. యాప్ క్యాబ్‌లు విజయవాడలో దొరుకుతాయి కానీ తెల్లారకముందు బుక్ చేస్తే డ్రైవర్ ఒప్పుకుని, తర్వాత రద్దు చేసే ప్రమాదం ఉంది. నాలుగింటికి ఇంటి నుంచి కదలాల్సిన రోజైతే రాత్రే తెలిసిన డ్రైవర్‌కి ఫోన్ చేసి మాట్లాడుకోండి.

సొంత కారులో దింపడానికి వచ్చేవాళ్లు ముందు టైము చూసుకుని, సామాను దించి వెంటనే కదిలితే సరిపోతుంది. కాసేపు ఉండి సాగనంపాలనుకుంటే పార్కింగ్‌లో పెట్టండి. డిపార్చర్ ముందు బండి నిలిపి ఫొటోలు దిగుతుంటే వెనక హారన్లు మోగుతాయి, సెక్యూరిటీ వాళ్లతో గొడవ కూడా.

గేటు దగ్గర

ముందుగా మీ టికెట్‌లో టెర్మినల్ వివరం చూసుకోండి. 2017లో ప్రారంభమైన టెర్మినల్, విదేశీ సర్వీసులకు వాడిన పాత భవనం, వాటికి తోడు కొత్త ఇంటిగ్రేటెడ్ టెర్మినల్ నిర్మాణం... ఇన్ని ఉన్న చోట డ్రైవర్ అలవాటు కొద్దీ ఎక్కడో దింపేయొచ్చు.

లోపలికి టికెట్, గుర్తింపు కార్డు ఉన్నవాళ్లనే పంపుతారు. ఆధార్, ఓటరు కార్డు, పాన్, డ్రైవింగ్ లైసెన్స్, పాస్‌పోర్ట్‌లలో ఏదైనా ఒకటి అసలుది పట్టుకెళ్లండి. ఫోన్‌లో తీసుకున్న ఆధార్ ఫొటో చూపించి బతిమాలడం కన్నా డిజీలాకర్‌లోనో ఎమ్-ఆధార్‌లోనో ముందే పెట్టుకోవడం మంచిది. టికెట్ మీద పేరూ, కార్డు మీద పేరూ కలవాలి. మన ఇంటిపేర్లతో వచ్చే చిక్కు ఇదే. ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తి ఇంటిపేరు ఉంటుంది. బుక్ చేసిన రోజే సరిచూసుకుని, తేడా ఉంటే విమాన సంస్థకు అప్పుడే ఫోన్ చేయండి.

డిజీయాత్ర వాడే ఉద్దేశం ఉంటే ఇంటి దగ్గరే యాప్‌లో ఆధార్‌తో నమోదు చేసుకుని, బోర్డింగ్ పాస్ ఎక్కించుకుని రండి. మొహం చూపించి లోపలికి వెళ్లే ఈ పద్ధతి 2023లోనే విజయవాడకు వచ్చింది. దేశంలో మొదటగా పెట్టిన ఏడు ఎయిర్‌పోర్టుల్లో మనదీ ఒకటి. అది ఇష్టం లేనివాళ్లకు మామూలు వరస ఉండనే ఉంది. ఇక్కడ ఆ వరస కూడా పెద్దగా ఉండదు కాబట్టి, దాని కోసమే హడావిడి పడక్కర్లేదు.

సామాను: పచ్చళ్ల సంగతి

మామూలు టికెట్ మీద చెక్-ఇన్ బ్యాగు 15 కిలోలు, చేతి బ్యాగు 7 కిలోలు. ఎక్కువైతే ఆన్‌లైన్‌లో ముందే కొనుక్కోండి, కౌంటర్ దగ్గర కొంటే ఖర్చు ఎక్కువ. ఇంట్లో తూకం వేయకుండా వచ్చి, కౌంటర్ ముందు నేల మీద సూట్‌కేసు తెరిచి అరిసెల డబ్బా ఇందులోంచి అందులోకి మార్చే దృశ్యం అక్కడ రోజూ కనిపిస్తుంది.

ఆవకాయ చేతి బ్యాగులో పెట్టొద్దు. కారం పచ్చళ్లు క్యాబిన్‌లోకి రానివ్వరు. చెక్-ఇన్ బ్యాగులో వేయండి, అదీ నూనె కారకుండా సీసా మూతకి టేపు చుట్టి, రెండు కవర్లలో పెట్టి. స్వీటు షాపుల్లో అడిగితే విమానం ప్యాకింగ్ అని వాళ్లే చేసిస్తారు. ఎండుకొబ్బరి చిప్పలు మాత్రం ఏ బ్యాగులోనూ వద్దు. అందులోని నూనె వల్ల నిప్పు అంటుకునే వస్తువుల కింద లెక్కేస్తారు. హారతి కర్పూరం, అగ్గిపెట్టె కూడా అంతే. అమ్మవారి దర్శనం చేసుకుని నేరుగా వచ్చేవాళ్లు పూజ సంచి ఒకసారి వెతుక్కోండి. లడ్డూ, పులిహోర ప్రసాదానికి ఇబ్బంది లేదు. పవర్‌బ్యాంక్ సంగతి పచ్చడికి సరిగ్గా తిరగేసి: అది చేతి బ్యాగులోనే ఉండాలి, చెక్-ఇన్‌లో వేస్తే మిమ్మల్ని వెనక్కి పిలిపించి తీయిస్తారు.

చిన్న ఊళ్ల మధ్య తిరిగే ఏటీఆర్ అనే చిన్న విమానమైతే తల మీది అరలు చిన్నవి. చక్రాల బ్యాగు విమానం దగ్గరే తీసుకుని, దిగాక ఇస్తారు. మందులు, కళ్లజోడు, డబ్బు, నగలు వేరే చిన్న సంచిలో పెట్టుకోండి.

లోపలికి వెళ్లాక

వెబ్ చెక్-ఇన్ చేసుకుని, చేతి బ్యాగు మాత్రమే ఉంటే కౌంటర్‌తో పనిలేదు, నేరుగా సెక్యూరిటీకి వెళ్లండి. ట్రాలీలు ఉచితం. వైఫై ఫోన్‌కి వచ్చే ఓటీపీతో కొంతసేపు దొరుకుతుంది. తాగునీళ్ల కుళాయిలు ఉంటాయి కాబట్టి ఖాళీ సీసా తెచ్చుకుంటే చాలు. తిండి ధరలు ఎయిర్‌పోర్టు ధరలే. ఇంటి నుంచి ఇడ్లీ తెచ్చుకుని తిన్నా ఎవరూ ఏమీ అనరు, చట్నీ సంగతే ఇబ్బంది. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ 2024 డిసెంబరులో కోల్‌కతాలో ఉడాన్ యాత్రీ కేఫ్ మొదలుపెట్టి, టీ 10 రూపాయలకు, సమోసా 20కి అమ్ముతూ వేరే ఊళ్లకూ విస్తరించింది. ఆ బోర్డు కనిపిస్తే పక్క కౌంటర్ కాఫీ జోలికి పోకండి.

నడవలేని పెద్దవాళ్లకు వీల్‌చైర్ కావాలంటే టికెట్ బుక్ చేసేటప్పుడే, కనీసం 48 గంటల ముందు అడగాలి.

అమెరికా వెళ్లే అమ్మానాన్నలకు

గన్నవరం నుంచి ఢిల్లీకో హైదరాబాద్‌కో వెళ్లి అక్కడ అమెరికా విమానం ఎక్కే పెద్దవాళ్లు చాలామంది. టికెట్ కొనే పిల్లలు ఒక్క విషయం చూడాలి: మొత్తం ప్రయాణం ఒకే టికెట్ మీద ఉందా, లేక లోకల్ ఫ్లైట్ విడిగా కొన్నారా? ఒకే టికెట్ అయితే అంతర్జాతీయ సామాను కొలతే గన్నవరం నుంచీ వర్తిస్తుంది, బ్యాగులు కూడా చివరి ఊరికే ట్యాగ్ వేయమని అడగొచ్చు. విడిగా కొంటే ఇక్కడ 15 కిలోలే. 23 కిలోల పెట్టెలు రెండేసి తెచ్చుకున్నవాళ్లు అదనపు సామానుకు కట్టే డబ్బుతో ఇంకో టికెట్ వచ్చేది. పైగా హైదరాబాద్‌లో దిగి, సామాను బెల్టు మీంచి తీసుకుని, మళ్లీ కొత్తగా చెక్-ఇన్ చేయాలి. ఇంగ్లిష్ రాని పెద్దవాళ్లకు అదే పెద్ద పరీక్ష. రెండు మూడు వేలు మిగులుతాయని విడి టికెట్లు కొనకండి. ఇమిగ్రేషన్ దేశం దాటే ఊళ్లో జరుగుతుంది, గన్నవరంలో దాని కోసం వెతకక్కర్లేదని వాళ్లకు ముందే చెప్పండి.

ఆలస్యమైతే

హైదరాబాద్, చెన్నై, బెంగళూరు లాంటి తక్కువ దూరం విమానాలు రెండు గంటలు, అంతకుమించి లేటయితే టైముకి వచ్చి ఉన్న ప్రయాణికులకు తిండీ టీ ఇవ్వాలని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన. ఆరు గంటలు దాటితే వేరే విమానమో, డబ్బు వాపసో అడిగే హక్కు ఉంది. వాళ్లంతట వాళ్లు ఇవ్వకపోతే కౌంటర్‌కి వెళ్లి గట్టిగానే అడగండి. మిమ్మల్ని చూసి వెనకున్నవాళ్లూ వస్తారు.

తిరిగి వచ్చి దిగినప్పుడు

బెల్టు మీద సామాను రాకపోయినా, చక్రం విరిగి వచ్చినా ఆ హాలు దాటకముందే విమాన సంస్థ సిబ్బందికి చెప్పి ఫిర్యాదు కాగితం రాయించుకోండి. బయటికొచ్చాక చెబితే వినేవాళ్లు దొరకడం కష్టం. విజయవాడకు క్యాబ్ సులువుగానే దొరుకుతుంది. భీమవరం, మచిలీపట్నం, గుంటూరు లాంటి దూరపు ఊళ్లకు మాత్రం బయట ఉన్న డ్రైవర్లు తిరుగు ప్రయాణం ఖర్చు కూడా కలిపి చెబుతారు. ఊరి నుంచే బండి రప్పించుకోండి, లేదా బస్సులో బెజవాడ బస్టాండ్‌కి వెళ్లి మీ ఊరి బస్సెక్కండి. హనుమాన్ జంక్షన్ మీదుగా వెళ్లేవాళ్లు విజయవాడ దాకా వెనక్కి పోనక్కర్లేదు, హైవే మీదే అటు వెళ్లే బస్సు దొరుకుతుంది. రాత్రి పదకొండు దాటాక దిగేట్టయితే బస్సు మీద ఆశ పెట్టుకోకండి, ఆ బండి ఏదో ఫ్లైట్ ఎక్కకముందే మాట్లాడి పెట్టుకోండి.