పిల్లి మాట – 4వ పాఠం: గురగుర, మళ్ళీ ఒకసారి

ఈ వారం బుస గురించి చెప్పుకోవాలి. కానీ పిల్లి చేసే ఏ చప్పుడుకి ఏమిటి అర్థమో రాసి మూడో పాఠానికి మీరు పంపిన పట్టికలు చూశాక వెనక్కి వెళ్ళక తప్పలేదు. చాలామంది ‘గురగుర’ ఎదురుగా ‘సంతోషం’ అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. ఇంకొందరు గురగురనీ, బెదిరిస్తూ చేసే గుర్రునీ కలిపేశారు.

రెండో తప్పు మన భాషలోనే ఉంది, రెండింటినీ గుర్రు అనే అంటాం. తేడా ఊపిరిలో వినండి. గురగుర ఊపిరి పీల్చేటప్పుడూ వదిలేటప్పుడూ సాగుతుంది. గుర్రు వదిలేటప్పుడే వస్తుంది, మధ్యలో తెగుతుంది. తెగుతున్నట్టు వినిపిస్తే చేయి వెనక్కి తీసుకోండి.

ఇక ‘సంతోషం’ సంగతి. ఒళ్ళో పడుకున్న పిల్లి గురగురలాడుతుంది. పాలు తాగే కూన గురగురలాడుతుంది. ఈనుతున్న తల్లి, కాలు విరిగిన పిల్లి, చావుకి దగ్గరైన ముసలి పిల్లి కూడా గురగురలాడతాయి. అందుకే చప్పుడు ఒక్కటే విని తీర్పు చెప్పకూడదు, ఒళ్ళు చూడాలి. పక్కకి వాలి, కాళ్ళు వదులుగా చాపి, కళ్ళు సగం మూస్తే హాయిగా ఉన్నట్టు. వీపు గూనిలా ఎత్తి, కాళ్ళు కిందికి ముడుచుకుని, తల దించి, చెవులు పక్కలకి వాల్చి గురగురలాడితే నొప్పి అనుకోండి. దానికి తోడు తిండి మానేసినా, మంచం కింద దాక్కున్నా అదే రోజు డాక్టరుకి చూపించాలి. మగపిల్లి మాటిమాటికీ ఇసుక ట్రేలోకి వెళ్ళి ముక్కుతూ చుక్క కూడా పోయకపోతే తెల్లవారేదాకా ఆగొద్దు. మూత్రం అడ్డుపడితే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. అది గురగురలాడుతోందని ధైర్యపడకండి.

అనుమానం ఉంటే పిల్లి గాఢంగా నిద్రపోయాక, గురగుర లేనప్పుడు, ఛాతీ ఎన్నిసార్లు లేచి దిగిందో 30 సెకన్లు లెక్కపెట్టి రెండుతో గుణించండి. లేచి దిగితే ఒకటి. రెండు మూడుసార్లు చూసినా నిమిషానికి 30 దాటుతుంటే డాక్టరుకి చెప్పాల్సిందే.

తిండి అడిగే గురగుర వేరు. ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయంలో కారెన్ మెకాంబ్ బృందం 2009లో దాన్ని కొలిచింది. అడుగున మామూలు గురగురే ఉన్నా, దానిలో సుమారు 380 హెర్ట్జ్ (సెకనుకి అన్ని కంపనాలు) దగ్గర సన్నటి ఏడుపు కలిసి ఉంటుంది. పసిబిడ్డ ఏడుపుకి దగ్గరగా ఉండే స్థాయి అది. పొద్దున్నే మిమ్మల్ని లేపేది ఇదే.

బుసకి ఈసారికి ఇంతే: భయపడింది, దూరం అడుగుతోంది. కళ్ళలోకి చూడకుండా రెండడుగులు వెనక్కి వేసి, పారిపోయే దారి వదలండి. వివరాలు ఐదో పాఠంలో.

అభ్యాసం: ఏడు రోజుల్లో 20 వీడియోలు, ఒక్కొక్కటి 15 సెకన్లు, చెవులూ తోకా కనపడాలి. ప్రతిదానికీ ముందు ఏం జరిగిందో, ఏం చేస్తే చప్పుడు ఆగిందో రాయండి. పిల్లి అరుపు విని అర్థం చెప్పే అనువాద యాప్‌లు వద్దు, వాటికి ఒళ్ళు కనపడదు. ఎనిమిదో రోజు వీడియోలు కలగాపులగం చేసి, బొమ్మ చూడకుండా విని సందర్భం చెప్పండి. తర్వాత బొమ్మతో చూసి మళ్ళీ చెప్పండి. ఒక్కోసారి ఎన్ని సరిగ్గా చెప్పారో రెండు లెక్కలూ పంపండి, పట్టికలో ‘సంతోషం’ అనే మాట మాత్రం వాడొద్దు.