గర్భసంచి తీసేశాక టెస్టోస్టిరాన్ పరీక్ష: ల్యాబ్‌కి వెళ్లే ముందు

ఆపరేషన్ అయి ఏడాదైనా నీరసం తగ్గలేదు, నిద్ర సరిగా లేదు, కోరిక అన్నదే పోయింది, ఎవరో టెస్టోస్టిరాన్ (మగ హార్మోన్ అంటారు గానీ ఆడవాళ్లలోనూ కొద్దిగా ఉంటుంది) తగ్గిందేమో అన్నారు, ఇక రక్తం ఇచ్చి రావడమే తరువాయి. ఒక్క నిమిషం ఆగి ముందు డిశ్చార్జ్ సమ్మరీ తీయండి. గర్భసంచి ఒక్కటే తీశారా, అండాశయాలు కూడా తీశారా? "అన్నీ తీసేశారు" అని చెప్పేవాళ్లలో చాలామందికి ఇది తెలియదు. కాగితంలో బైలేటరల్ సాల్పింగో ఊఫరెక్టమీ అని ఉంటే రెండు అండాశయాలూ తీసేసినట్టు, ఉత్త సాల్పింజెక్టమీ అని ఉంటే ట్యూబులు మాత్రమే.

అండాశయాలు ఉంటే పీరియడ్స్ రాకపోయినా హార్మోన్లు తయారవుతూనే ఉంటాయి, కాకపోతే మెనోపాజ్, అంటే అండాశయాలు పని ఆపేసే దశ, కాస్త ముందుగా రావచ్చు. రెండూ తీసేస్తే మాత్రం ఆడవాళ్ల ముఖ్య హార్మోన్ ఈస్ట్రోజన్ ఒక్కసారిగా పడిపోతుంది, టెస్టోస్టిరాన్ దాదాపు సగానికి తగ్గుతుంది.

అందుకే వేడి ఆవిర్లు, నిద్రలేమి, యోని పొడిబారడం ఉంటే ముందు ఈస్ట్రోజన్ సంగతి మాట్లాడాలి. సంభోగం నొప్పిగా ఉంటే కోరిక ఎక్కడినుంచి వస్తుంది చెప్పండి? గర్భసంచి లేదు కాబట్టి, ఈస్ట్రోజన్‌తోపాటు గర్భసంచి లోపలి పొరని కాపాడటానికి ఇచ్చే ప్రొజెస్టరాన్ మామూలుగా అక్కర్లేదు, ఎండోమెట్రియోసిస్ (ఆ పొరలాంటిది గర్భసంచి బయట పెరిగే జబ్బు) ఉన్నవాళ్లు మాత్రం అడగాలి. 45 ఏళ్లలోపే అండాశయాలు పోతే, రొమ్ము క్యాన్సర్ లాంటి అడ్డంకి లేనప్పుడు, సహజ మెనోపాజ్ వయసు దాకా, అంటే సుమారు 51 వరకు, ఈస్ట్రోజన్ వాడమనే చెప్తారు. ఎముకలకీ గుండెకీ అది అవసరం.

ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. ఈస్ట్రోజన్ మాత్రగా మింగితే లివర్ ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రోటీన్‌ని ఎక్కువగా తయారుచేస్తుంది, అది టెస్టోస్టిరాన్‌ని పట్టేసుకుంటుంది, దాంతో మొత్తం లెక్క బాగానే కనిపించినా శరీరానికి అందేది తక్కువ. ప్యాచ్ లేదా జెల్‌తో ఈ గొడవ పెద్దగా ఉండదు, రక్తం గడ్డకట్టే రిస్కు కూడా మాత్రల కంటే తక్కువ. మాత్రలు వాడుతున్నవాళ్లు టెస్టోస్టిరాన్ అడిగే ముందు ప్యాచ్‌కో జెల్‌కో మారడం గురించి అడగండి.

ఇప్పుడు పరీక్ష. టోటల్ టెస్టోస్టిరాన్, దానితో ఎస్‌హెచ్‌బీజీ, ఉదయం పూట ఇవ్వండి. ఆడవాళ్లలో ఈ స్థాయి చాలా తక్కువ, ల్యాబుల్లో మామూలుగా వాడే ఇమ్యునోఅస్సే పద్ధతి అంత తక్కువని సరిగా కొలవలేదు, అందుకని ఇంకా కచ్చితంగా కొలిచే మాస్ స్పెక్ట్రోమెట్రీతో చేస్తారా అని ల్యాబ్‌ని అడగండి. జుట్టుకని బయోటిన్ వేసుకుంటున్నారా? ల్యాబ్‌కి చెప్పి రెండు మూడు రోజుల ముందే ఆపండి, కొన్ని ల్యాబ్ పరీక్షల లెక్కలు దానితో తారుమారవుతాయి. రిపోర్టులు పోల్చేటప్పుడు యూనిట్లు చూసుకోండి, టెస్టోస్టిరాన్‌కి లీటరుకి 1 నానోమోల్ (nmol/L) అంటే డెసిలీటరుకి దాదాపు 29 నానోగ్రాములు (ng/dL).

అయితే ఈ నంబరు చూసి "మీకు లోపం ఉంది" అని తేల్చలేరు. 2019లో ప్రపంచ మెనోపాజ్, హార్మోన్ నిపుణుల సంఘాలు కలిసి చెప్పింది ఇదే: ఫలానా స్థాయి కంటే తక్కువుంటే జబ్బు అనే గీత ఏదీ లేదు. పరీక్ష చేసేది ముందే ఎక్కువగా ఉందేమో చూడటానికి, టెస్టోస్టిరాన్ వాడటం మొదలయ్యాక డోసు మితిమీరకుండా కాపలా కాయడానికి. టెస్టోస్టిరాన్ వైద్యం పనిచేస్తుందనడానికి ఆధారం ఉన్నది కూడా మెనోపాజ్ తర్వాత కోరిక తగ్గి, దానివల్ల మీరు బాధపడుతున్నప్పుడే. నీరసానికి, మతిమరుపుకి, బరువుకి కాదు. వాటికి థైరాయిడ్, హిమోగ్లోబిన్ చూపించుకోండి, డిప్రెషన్ మాత్రలు వాడుతుంటే అదీ చెప్పండి, కోరికని అవే తగ్గించవచ్చు.

టెస్టోస్టిరాన్ మొదలుపెడితే చర్మం మీద రాసే క్రీమ్ లేదా జెల్ మేలు. ఆడవాళ్ల కోసం తయారైన క్రీమ్ చాలా చోట్ల దొరకదు, అప్పుడు డాక్టర్లు మగవాళ్ల జెల్‌నే సుమారు పదో వంతు డోసులో ఇస్తారు, అంతకు మించి సొంతంగా రాసుకోవద్దు. చర్మం కింద పెట్టే పెల్లెట్లు, ఇంజెక్షన్లు వద్దనండి, డోసు ఎక్కువైతే వెనక్కి తీయలేరు. 3 నుంచి 6 వారాలకి మళ్లీ రక్తం, ఆపైన ప్రతి 4 నుంచి 6 నెలలకోసారి. రక్తం ఇచ్చే చేతికి జెల్ రాయకండి, లెక్క తప్పుగా ఎక్కువొస్తుంది. రాసిన చోటు ఆరాక బట్టతో కప్పి ఉంచండి, పిల్లలకి అది తగలనివ్వకండి. మొటిమలు, గడ్డం మీద వెంట్రుకలు కనిపిస్తే డోసు తగ్గించాలి, గొంతు బొంగురుపోతే వెంటనే ఆపి డాక్టర్‌కి చెప్పండి, ఆ మార్పు శాశ్వతంగా మిగిలిపోవచ్చు. 6 నెలలైనా తేడా తెలియకపోతే ఆపేయడమే.